పన్నెండో చిప్ప

నాకు ముక్కు మీద కోపమని మా చెల్లెలు ఊరంతా చెప్పేది. ఊరంతా అంటే మా కార్ఖానాలో పద్నాలుగు మంది, మా వీధిలో నాలుగిళ్ళు. చెప్పి ఊరుకునేదా, చేసి చూపించేది. పెదవులు బిగించి, కుంచెను కత్తిలా పట్టుకుని, ఒక కనుబొమ్మ పైకెత్తి అచ్చం నాలాగే చూసేది. అందరూ పొట్ట పట్టుకుని నవ్వేవారు. నాకు ఇంకా ఒళ్ళు మండేది. ఆ కోపం చివరికి ఏం చేసిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. నా తప్పును చిన్నది చేసుకోవడానికి మాత్రం కాదు.

ముందు మా పని గురించి చెప్పాలి, లేకపోతే నేను చేసిందేమిటో ఎవరికీ అర్థం కాదు. ఏడాది చివరి సెలవులకు కొందరు ఇళ్ళలో చెట్టు నిలబెట్టి, కొమ్మలకు మెరిసే వస్తువులు వేలాడదీస్తారు. మా కార్ఖానా అవి చేస్తుంది. అందరూ చేసే రంగు గోళాలు కాదు. అరచేతిలో ఇమిడే గాజు చిప్పలు, చిన్న కొబ్బరిచిప్పంత ఉంటాయి. వాటి లోపలి వైపు పాతకాలపు చిత్రకారుల బొమ్మలు చేత్తో వేస్తాం. మ్యూజియంలో గోడంత ఉండే బొమ్మను చిప్పలో పట్టించాలి, కొన్నవాడికి ఏదీ తగ్గినట్టు అనిపించకూడదు. కొట్లవాళ్ళు వాటికి ఏవేవో గొప్ప పేర్లు పెట్టి అమ్ముకుంటారు గానీ మాకు మాత్రం అవి చిప్పలే. "ఇన్నేళ్ళు చాకిరీ చేస్తే చివరికి చేతికి చిప్పే వచ్చింది" అని మా చెల్లెలు రోజుకొకసారి అనేది, అదేదో అప్పుడే తట్టినట్టు.

బొమ్మ లోపల వేస్తాం, చూసేవాళ్ళు బయటి నుంచి చూస్తారు. అందుకని మా పనంతా తలకిందులు. కాగితం మీద వేసేవాళ్ళు ముందు వెనకాల గోడా చీకటీ వేసుకుని, అన్నీ అయ్యాక ఆఖరున కంట్లో మెరుపు చుక్క పెడతారు. మేము ఆ చుక్కతో మొదలుపెడతాం. ముందు చుక్క, దాని వెనక కనుపాప, దాని వెనక కన్ను, పెదవులు, చర్మం. ముఖం అయ్యాక దాని వెనక తెల్లపూత. ఆ తర్వాత బట్టలు, గుమ్మం, గోడ, అన్నిటికంటే చివర నలుపు. ఒకసారి వేసింది దిద్దడానికి కుదరదు. పైన వేసే రంగు వెనక్కి పోతుంది కాబట్టి తప్పు తప్పుగానే ముందు నిలబడుతుంది.

ముఖాలు మా చెల్లెలివి. నలుపు నాది. పక్కపక్క బల్లల మీద పంతొమ్మిదేళ్ళు కూర్చున్నాం. "మా అక్కకు వెలుతురు పడదు, చీకటి అంటే ప్రాణం" అని వేళాకోళం చేసేది. పాతకాలపు బొమ్మల్లో మూడొంతులు చీకటే ఉంటుందని, అది సరిగ్గా పడకపోతే నీ ముఖాలు పిండిముద్దల్లా ఉంటాయని నేను అనేదాన్ని. నిజమే మరి.

చిప్పను గుడ్డ చుట్టలో వెల్లకిలా పెట్టుకుని వేస్తాం. లోపలి వైపు మాకేసి ఉంటుంది, బొమ్మ చూపు బల్లకేసి ఉంటుంది. నా చేతికి వచ్చేసరికి ముఖం ఉండాల్సిన చోట బొటనవేలి గోరంత తెల్లమచ్చ తప్ప ఇంకేమీ కనబడదు. ముఖం ఎలా కుదిరిందో నాకు తెలియదు. నేను నా పని పూర్తిచేసి, నలుపు ఆరాక కొక్కెం ఉన్న రేకు మూత బిగించి, అప్పుడు తిప్పి చూస్తాను. పంతొమ్మిదేళ్ళూ ప్రతి చిప్పనూ తిప్పి చూశాను. బాగుంటే "ఊఁ" అనేదాన్ని. అంతకుమించి మెచ్చుకోవడం నాకు రాదు. మా చెల్లెలు తన పనిలో మునిగిపోయినట్టు నటిస్తూనే ఆ ఊఁ కోసం చెవి ఒగ్గి కూర్చునేది. ఊఁ పడ్డాకే కుంచె కడుక్కునేది.

ఇంకొక పద్ధతి ఉంది మా దగ్గర. అన్నీ అయ్యాక చిప్పలు తనిఖీ ఆయన దగ్గరికి వెళతాయి. ఎదురుగా మేస్త్రీ అంటాం, వెనకాల భూతద్దం అంటాం. కంటికి అద్దం తగిలించుకుని, నమూనా కార్డు పక్కన పెట్టుకుని, ఒక్కో చిప్పనూ గీత గీతగా సరిపోల్చి చూస్తాడు. కలవని చిప్పను పగలగొట్టాల్సిందే. ఎవరి చెయ్యి చివర పడిందో వాళ్ళే పగలగొట్టాలి. గోనెగుడ్డలో చుట్టి చెక్క సుత్తితో ఒక్క దెబ్బ, ముక్కలు ఆయన పక్కనున్న డ్రమ్ములోకి. అంటే చెల్లెలు తప్పు చేసినా, నేను తప్పు చేసినా పగలగొట్టేది నేనే. అలా పగలగొట్టే ముందు కూడా నేను తిప్పి చూసుకునేదాన్ని, తప్పు ఎక్కడ దొర్లిందో తెలుసుకోవాలి కదా.

మా చెల్లెలికి రక్తంలో జబ్బని తెలిసిన ఏడాదే మ్యూజియం కొట్టు వాళ్ళు నలభై చిప్పలు అడిగారు. ఒకటే బొమ్మ. మూడు వందల ఏళ్ళ నాటిది, ఎవరు వేశారో తెలియదు. గుమ్మంలో ఒక స్త్రీ దీపం పట్టుకుని నిలబడి ఉంటుంది. ఒక చెయ్యి దీపానికి అడ్డం పెట్టి, కళ్ళు దించుకుని మంటనే చూస్తూ ఉంటుంది. మేము దీపం ఆవిడ అని పేరు పెట్టుకున్నాం.

"ఈవిడతో నాకు గిట్టదు అక్కా" అనేది చెల్లెలు. "కళ్ళు దించుకునే ఉంటుంది. మెరుపు చుక్క పెట్టే సరదా కూడా లేకుండా చేసింది."

"చుక్క లేకపోతే పని తగ్గింది కదా, సంతోషించు."

"నలుపు లేని బొమ్మ ఇస్తే నువ్వు సంతోషిస్తావా?"

మొదటి ఇరవై ఎనిమిదీ కార్ఖానాలోనే వేసింది. తర్వాత లేచి రాలేకపోయింది. మిగిలిన పన్నెండు చిప్పలూ రంగులూ నేను ఇంటికి మోసుకొచ్చాను. మంచం మీద వీపు వెనక రెండు దిండ్లు పెట్టుకుని, ఒళ్ళో పలక పెట్టుకుని వేసేది. మందులకు చెయ్యి వణికేది. వణుకు తగ్గేదాకా కుంచె పట్టుకుని ఊరికే కూర్చునేది. రోజుకు ఒక ముఖం, కొన్ని రోజులు అదీ కాదు. మానెయ్యమని తిట్టాను. "నువ్వు తిట్టడం మానెయ్, నేను వెయ్యడం మానేస్తా" అంది. ఆ పందెంలో ఇద్దరమూ ఓడిపోలేదు.

దానికి ఏడేళ్ళ కూతురు ఉంది. పిచ్చుక అని పిలుస్తాం, పేరుకు తగ్గట్టు కాలు ఒకచోట నిలవదు. పిల్ల పుట్టిన ఏడాదికే వాళ్ళ నాన్న వేరే ఊరూ వేరే కాపురమూ చూసుకున్నాడు, అతని గురించి ఇంతకంటే సిరా ఖర్చు చేయను. పిచ్చుక మంచం పక్కన కూర్చుని తల్లికి కుంచెలు కడిగి ఇచ్చేది. నేను కార్ఖానాకు వెళ్ళాక వాళ్ళిద్దరూ ఏవో గుసగుసలాడుకునేవారు. సాయంత్రం నేను గుమ్మంలో అడుగుపెట్టగానే నోళ్ళు మూతపడేవి.

చివరి ముఖం అయిన రోజు చెల్లెలు పన్నెండింటినీ పెట్టెలో పేర్చి నాకు ఇచ్చింది. అన్నిటి వెనకా తెల్లపూత అప్పటికే వేసేసి ఉంది.

"అక్కా, వీటిని తిప్పి సరిగ్గా చూడు. తొందరపడకు."

"నాకే చెప్తున్నావా? ఇన్నేళ్ళలో చూడకుండా ఒక్కటైనా పంపానా?"

"అందుకేగా" అని నవ్వింది. మా చెల్లెలికి పైవరసలో పన్ను మీద పన్ను. ఫోటో తీస్తుంటే మాత్రం ఠక్కున నోరు మూసేసుకునేది. దానికి ఎన్ని ఫోటోలు ఉన్నాయో అన్నిట్లోనూ ఎవరితోనో పోట్లాడి వచ్చినట్టు ఉంటుంది. ఆ నవ్వు చూడాలంటే దాని ఎదురుగా ఉండాల్సిందే.

తర్వాత పది రోజులే ఉంది. ఒక పొద్దున పిచ్చుకను బడికి పంపి టీ కలుపుకుని వచ్చేసరికి పోయింది. టీ గ్లాసు నా చేతిలో అలాగే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టానో ఇప్పటికీ గుర్తు లేదు.

పదిహేను రోజులు నేను ఆ పెట్టె వైపు చూడలేదు. ఓనరు మనిషిని పంపలేదు, తనే వచ్చాడు. కుర్చీ అంచున కూర్చుని, "నీకు చేతకాకపోతే చెప్పమ్మా, ఇంకెవరి చేతైనా పూర్తిచేయిస్తాను" అన్నాడు. చెల్లెలి ముఖాల వెనక ఇంకొకరి నలుపా! నేనే చేస్తానన్నాను.

రెండు రోజుల్లో పన్నెండూ పూర్తిచేశాను. పక్క బల్ల ఖాళీగా ఉంది. కుంచెలు కడిగే గ్లాసులో నీళ్ళు ఇంకిపోయి అడుగున రంగు చార మిగిలింది. ఎవరూ దాన్ని తీయలేదు, నేనూ తీయలేదు. బట్టలు వేశాను, గుమ్మం వేశాను, గోడ వేశాను, నలుపు వేశాను. తెల్లమచ్చ చుట్టూ కుంచె తిప్పుతున్నంతసేపూ ఆ మచ్చ వెనక దాని చేతి పని ఉందని నాకు తెలుసు. చెయ్యి మాత్రం ఆగలేదు, అలవాటు పడ్డ చెయ్యి. మూతలు బిగించాను. ఇక తిప్పాలి.

తిప్పలేకపోయాను. తిప్పితే ఊఁ అనాలి. అన్నాక పక్క బల్ల మీద కుంచె కడుగుతున్న చప్పుడు వినబడదు. ఆ ఒక్కటీ నావల్ల కాలేదు. పన్నెండింటినీ అలాగే, బొమ్మ కిందికి పెట్టి, మేస్త్రీ బల్ల మీద పెట్టి వచ్చాను. నా జీవితంలో చూడకుండా పంపిన చిప్పలు అవే.

గంట తర్వాత ఆయన నా దగ్గరికి వచ్చాడు. మామూలుగా ఆయన రాడు, కలవని చిప్పను ట్రేలో పెట్టి అరుస్తాడు. ఆ రోజు ఒక చిప్పను అరచేతిలో పెట్టుకుని, రెండో చెయ్యి పైన మూసి, నడుచుకుంటూ వచ్చాడు. అద్దం కంటి నుంచి తీసి నుదుటి మీదికి తోసుకుని ఉన్నాడు.

"ఏమ్మా, ఇందులో ముఖం నమూనాతో కలవలేదు. ఒక్కసారి నువ్వు..."

నాకు ఆ తర్వాత మాట వినబడలేదు.

"ఏం కలవలేదు? పోయి ఇరవై రోజులు కాలేదు, అప్పుడే దాని పనిలో తప్పులు పట్టడానికి వచ్చారా? చెయ్యి ఎత్తలేని మనిషి వేసిన ముఖాలండీ ఇవి! ఒక్కటి అటూ ఇటూ అయితే మీ సొమ్మేం పోయింది?"

"తప్పు కాదమ్మా, ముందు నా మాట విను. ఇది నువ్వు చూడాల్సిన..."

"నాకేం చూపించక్కర్లేదు. ఇవ్వండిలా. రూలు రూలే కదా మీకు."

ఆయన చేతిలోంచి లాక్కున్నాను. రేకు మూత పైకి ఉంది. గోనెగుడ్డలో చుట్టాను. సుత్తి దెబ్బ ఒక్కటి చాలు. నేను మూడు వేశాను. కార్ఖానాలో అందరూ పని ఆపి చూస్తున్నారు.  గోనె మూటను ఆయన చేతుల్లో కుక్కి, "తీసుకెళ్ళి మీ డ్రమ్ములో పోసుకోండి" అన్నాను.

నిజం చెప్పాలంటే ఆ మూడు దెబ్బలతో నాకు ప్రాణం కాస్త తేలికపడింది. చెల్లెలి తరఫున ఒకరితో గట్టిగా పోట్లాడాననిపించింది. ఆ రోజు ఇంటికి వెళ్ళాక మొదటిసారి కడుపునిండా తిన్నాను కూడా. ఇది రాయకపోతే మిగతాది రాసి లాభం లేదు.

మిగిలిన పదకొండు చిప్పలూ మ్యూజియం కొట్టుకు వెళ్ళిపోయాయి.

పిచ్చుక నా దగ్గరే ఉంటోంది. ఆ రోజుల్లో అది నన్ను ఒక రకంగా చూసేది. నేను పని నుంచి రాగానే నా సంచీ వైపు చూసేది, చేతుల వైపు చూసేది, ఏమీ అనకుండా లోపలికి పోయేది. తల్లి కోసం బెంగ అనుకున్నాను. అడిగితే ఏడుస్తుందని అడగలేదు. బడికి సెలవులిచ్చిన రోజు పొద్దున, జడ వేస్తుంటే, అద్దంలోంచి నన్ను చూస్తూ అడిగింది.

"పెద్దమ్మా, ఒకటి అడిగితే కోప్పడవు కదా?"

"అడిగితే కదా తెలిసేది."

"నా చిప్ప ఇంకా ఎప్పుడిస్తావు?"

"ఏ చిప్ప?"

"అమ్మ వేసింది. పన్నెండింట్లో ఒకటి నాదే. అందులో దీపం ఆవిడ ఉండదు, అమ్మే ఉంటుంది. దీపం పట్టుకుని నన్ను చూసి నవ్వుతూ ఉంటుంది. పళ్ళు కూడా వేసింది. నేనే అద్దం పట్టుకున్నా, అమ్మ అద్దంలో చూసుకుంటూ వేసింది." పిల్ల ఊపిరి తీసుకుంది. "నువ్వు తిప్పి చూడగానే కనిపెట్టేస్తావంది. నువ్వే తెచ్చి ఇస్తావంట, అప్పటిదాకా అడగొద్దంది. నేను అడగలేదు. సెలవులు కూడా వచ్చేశాయి కదా. ఇంకా తిప్పలేదా?"

 నాకు అప్పుడే తెలిసిపోయింది. మూడు దెబ్బలూ ఒక్కొక్కటిగా మళ్ళీ వినబడ్డాయి. కానీ తెలిసినదాన్ని తెలియనట్టు పక్కకు నెట్టేయడం మనిషికి ఎంత సులువో ఆ రోజే చూశాను. అది వేరే ఏదో చిప్ప అయ్యుంటుంది, పిల్లది కొట్టులోనే ఉంటుంది అనుకున్నాను. అలా అనుకోకపోతే కూర్చున్న చోటు నుంచి లేవగలిగేదాన్ని కాదు.

"మిగతావాటితో కలిసి కొట్టుకు పోయి ఉంటుంది. పద, వెళ్ళి తెచ్చుకుందాం" అన్నాను.

రెండు బస్సులు మారి వెళ్ళాం. దారంతా పిచ్చుక కిటికీలోంచి చూస్తూ ఏదో కూనిరాగం తీసింది. తల్లి పోయాక దాని నోట పాట వినడం అదే మొదలు. నేను దేవుళ్ళందరికీ పేరు పేరునా మొక్కాను.

మ్యూజియం కొట్టు ఆవిడ మంచిది. సెలవుల రద్దీలో కూడా మా మాట విని, "ఆ రెండో విడత ఇంకా విప్పనే లేదండీ" అంటూ లోపల్నుంచి పెట్టె తెచ్చింది. మా కార్ఖానా టేపు అంటించినట్టే ఉంది.  ఆవిడ కత్తెరతో టేపు కోసి, కాగితం చుట్టిన చిప్పల్ని ఒక్కొక్కటిగా బల్ల మీద పెట్టింది. పిచ్చుక మునివేళ్ళ మీద నిలబడి చూసింది.

"ఇది కాదు."

రెండోది విప్పాం. "ఇది కాదు." మూడోది. ఆరోదాకా గట్టిగానే అంది. తర్వాత గొంతు తగ్గిపోయింది. పదకొండోది విప్పినప్పుడు మడమలు నేలకు దించేసింది. పదకొండు మంది దీపం ఆవిడలూ కళ్ళు దించుకుని తమ మంటలే చూసుకుంటున్నారు. ఒక్క ముఖంలోనూ వణుకు లేదు. అంత బాగా వేసింది. ఊఁ అనకుండానే వాటికి మళ్ళీ కాగితం చుట్టాను.

"అసలు బొమ్మ పైన ఉందండీ, పాపకు చూపించండి" అంది కొట్టు ఆవిడ, పిల్ల మొహం చూసి ఏం చెయ్యాలో తోచక. వెళ్ళాం. పంతొమ్మిదేళ్ళలో మేమిద్దరం ఒక్క అసలు బొమ్మ కూడా చూడలేదు, నమూనా కార్డులే మాకు తెలుసు. గోడంత ఎత్తున దీపం ఆవిడ నిలబడి ఉంది. ఆమె వెనక చీకటి నేను వేసే నలుపు కాదు, అందులో ఎరుపూ గోధుమా ఎన్నో ఉన్నాయి. ఇది చూస్తే చెల్లెలు నన్ను ఎలా ఆటపట్టించేదో అనుకున్నాను. పిచ్చుక కాసేపు చూసి, "ఈవిడ మనల్ని చూడట్లేదు" అని నా చెయ్యి పట్టి వెనక్కి లాగింది.

తిరుగు బస్సులో సీటు దొరికింది. పిచ్చుక నా భుజానికి ఆనుకుని కూర్చుంది. సగం దారిలో అడిగింది.

"అమ్మ మర్చిపోయిందేమో కదా పెద్దమ్మా? మందులేసుకుంటే అమ్మ అన్నీ మర్చిపోయేది. వేశాను అనుకుని, వేసి ఉండదు. అంతేనా?"

ఊఁ అంటే చాలు. పిల్ల నమ్మేస్తుంది, అదే నాకు దారి చూపించింది. ఊఁ అంటే నేను ఎప్పటికీ దాని పెద్దమ్మగానే ఉంటాను. కానీ చెల్లెలు వణికే చేత్తో, అద్దంలో తన ముఖం తాను చూసుకుంటూ, మాట నిలబెట్టుకుంది. అది మర్చిపోయిందని దాని కూతురి చేతే అనిపించాలా? నేను ఊఁ అనలేదు. లేదు అని కూడా అనలేదు.  కన్నీళ్ళు దానికి కనబడకుండా తుడుచుకోవడానికి కిటికీ వైపు తిరిగానంతే.

మర్నాడు కార్ఖానాలో భూతద్దం ఒక్కడే ఉన్నాడు, సెలవుల ముందు లెక్క చూసి సరుకు సర్దుతున్నాడు. ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. 

"మేస్త్రీ, ఆ రోజు మీరు తెచ్చిన చిప్పలో..."

ఆయన చేతిలోని కాగితాలు బల్ల మీద పెట్టేశాడు. "చెల్లెమ్మే" అన్నాడు. "నవ్వుతూ ఉంది. నా అద్దంలోంచి చూడగానే నాకు చెయ్యి ఆడలేదు. కొట్టుకు పంపేది కాదు, నీకోసమో పాపకోసమో వేసిందని అర్థమైంది. అందుకే చేత్తో తెచ్చాను."

"చెప్పొచ్చు కదా!" అని అరిచాను. అరిచాక సిగ్గేసింది.

"ముందు చెప్పనిచ్చావు కాదు. తర్వాత చెప్పడానికి నాకు నోరు రాలేదు. పగలగొట్టేశావు కదమ్మా. ఇంకేమని చెప్పను?"

ఆయన సొరుగు లాగి, పాత కళ్ళజోడు డబ్బా ఒకటి తీసి నాకు ఇచ్చాడు. "డ్రమ్ములో పొయ్యలేదు. దొరికినంత ఏరాను. కొన్ని మరీ పొడైపోయాయి" అన్నాడు. మూడు దెబ్బలు వేశావు మరి అని మాత్రం అనలేదు. ఆ మనిషిని నేను ఇన్నేళ్ళూ ఎన్ని మాటలన్నానో తలుచుకుంటే తల ఎత్తలేకపోయాను. దండం పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపేశాడు.

డబ్బాను నేను దారిలో తెరవలేదు. ఇంటికి వచ్చాక కూడా తెరవలేదు. ఒక్కదాన్నే చూసే హక్కు నాకు లేదనిపించింది.

పిచ్చుక వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని బొమ్మలు గీసుకుంటోంది. ఎదురుగా కూర్చున్నాను. అబద్ధాలు రెండు మూడు నాలుక చివరిదాకా వచ్చాయి, కింద పడిపోయిందని, పెట్టెలోనే పగిలిపోయిందని. మింగేశాను.

"పిచ్చుకా, అమ్మ మర్చిపోలేదు. నీ చిప్ప వేసింది. నువ్వు చెప్పినట్టే వేసింది."

కళ్ళు ఇంతింత చేసుకుని లేచి నిలబడింది. "ఏది?"

"నేను పగలగొట్టాను."

అర్థం కాలేదు దానికి. "పడిపోయిందా?"

"పడలేదు. మేస్త్రీ గారు చూడమని తెచ్చారు. నేను వినిపించుకోలేదు. కోపంలో ఉన్నాను. గుడ్డలో చుట్టి సుత్తితో కొట్టాను."

"అందులో అమ్మ ఉందని తెలిసే కొట్టావా?"

"తెలీదమ్మా. తిప్పలేదు."

"చూడకుండానే పగలగొట్టావా?"

"చూడకుండానే."

పిచ్చుక ఏడవలేదు. ఏడిస్తే దగ్గరికి తీసుకుందామని నా చేతులు సిద్ధంగా ఉన్నాయి. అది నన్నే చూస్తూ, అర్థం చేసుకోవడానికి ప్రయత్నిస్తున్నట్టు, మెల్లగా అంది.

"నేను అమ్మను అడిగాను, పెద్దమ్మ ఒకవేళ చూడకపోతే అని. అమ్మ నవ్వింది. పెద్దమ్మ చూడకపోవడమేంటే, ఇన్నేళ్ళలో ఒక్కటి కూడా చూడకుండా ఉండలేదు అంది."

 డబ్బా తీసి బల్ల మీద పెట్టాను. పిల్ల పళ్ళెం తెచ్చింది, తెల్ల పళ్ళెం. ఎవరు నేర్పారో, తల్లి దగ్గర చూసి నేర్చుకుందేమో, ముక్కల్ని ఒంపకుండా మెత్తగా ఒక్కొక్కటే తీసి పెట్టింది. అన్నీ బొమ్మ కిందికే పడ్డాయి. పైకి కనబడేదంతా నా నలుపే. ఒకటి రెండు చోట్ల మాత్రం కొంచెం తెలుపు.

ఏదైనా సాయం చేద్దామని నేను చెయ్యి చాచాను. గాజు గుచ్చుకుంటుందని భయం కూడా వేసింది.

"నువ్వు ముట్టుకోకు" అంది పిచ్చుక.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

అది రెండు వేళ్ళ కొసలతో ఒక్కో ముక్కనూ పట్టుకుని తిప్పడం మొదలుపెట్టింది. దీపం పట్టుకున్న చెయ్యి, సగం. గుమ్మం అంచు. చెవి మీదికి జారిన జుట్టు. ఒక కన్ను, నేరుగా మా ఇద్దరినీ చూస్తూ, అందులో మెరుపు చుక్క. అన్నిటికంటే ముందు పెట్టి ఉంటుంది ఆ చుక్క, చెయ్యి వణకడం ఆగేదాకా కూర్చుని. రెండో కన్ను లేదు. పిల్ల డబ్బా అడుగంతా వెతికింది, దొరకలేదు. ఆఖరుగా మిగిలిన తెల్లటి ముక్కను తిప్పింది. నోరు. ఎక్కడా పగల్లేదు. పన్ను మీద పన్నుతో సహా మా చెల్లెలు నవ్వుతోంది.

పిచ్చుక అన్నిటినీ వాటి వాటి చోట్ల జరిపి, లేని కంటి చోటు ఖాళీగా వదిలి, పళ్ళేన్ని నా వైపు తోసింది.

"ముట్టుకోకు. చూడు చాలు."

చేతులు ఒళ్ళో పెట్టుకుని చూశాను.